కుక్క గెలవాలని

మెగ్ అనే ఒక సీమకుక్క పందెంలో గెలవాలని, జగిత్యాల దగ్గర ఒక పల్లెలో మంచం పట్టిన సమ్మవ్వ కొమురవెల్లి మల్లన్నకు రంగుముగ్గుల పట్నం వేయిస్తానని మొక్కుకుంది. ఆ కుక్కను ఆమె ఎన్నడూ చూడలేదు. అది ఏ రంగో, ఎంత పొడుగో తెలియదు. ఆ మాటకొస్తే పందెం ఏమిటో కూడా సరిగా తెలియదు. కుక్క గెలిస్తే మొగుడు ఇంటికొస్తాడన్న సంగతి ఒక్కటే ఆమెకు తెలుసు.

ఆ మొగుడు లచ్చన్న. కురుమల మనిషి. అల్ ఐన్ అవతల ఇసుకలో, మా యజమాని సైఫ్ గారి తోటలో మూడువందల గొర్రెలను కాస్తాడు. నా పేరు రామ్మోహనరావు, మాది కాకినాడ. అదే సైఫ్ గారి దుబాయ్ ఆఫీసులో పన్నెండేళ్ళుగా వీసా కాగితాలూ పాస్‌పోర్టులూ చూసుకుంటున్నాను. గొర్రెల గురించి నాకు తెలిసింది బిర్యానీ వరకే. కానీ లచ్చన్నకు తెలుగూ, తోటలో నేర్చుకున్న కాస్త హిందీ తప్ప మరో భాష రాదు. అతనికి ఏదైనా వివరంగా చెప్పాల్సి వస్తే సైఫ్ గారు నన్ను పిలుస్తారు. అలా ఇద్దరి మధ్యా నేను నోరుగా కుదిరాను.

లచ్చన్న ఊరికి వెళ్ళి మూడేళ్ళు దాటింది. కరోనాకు ముందు వచ్చినవాడు మళ్ళీ కదలలేదు. మొన్న దసరాకు సమ్మవ్వ కడుపులో గడ్డ బయటపడింది. కరీంనగర్ డాక్టర్లు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం చెప్పడానికి ఏ దుబాసీ అక్కర్లేదు. ఆ రోజే లచ్చన్న నాకు ఫోన్ చేసి, అర్బాబ్‌తో, అంటే యజమానితో, మాట్లాడి పంపించమన్నాడు.

సైఫ్ గారు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకునైనా తృప్తిపడేవాళ్ళం. పాపం ఆయన ప్రయత్నించాడు. లచ్చన్నకు బదులుగా ఒక పెషావర్ మనిషిని పెట్టాడు, తర్వాత ఒక బెంగాలీని పెట్టాడు. గొర్రెలు వాళ్ళ వెంట నడవలేదు. చెదిరిపోయి పదకొండు గొర్రెలు ఊరకుక్కల పాలయ్యాయి. చివరికి నిజామాబాద్ నుంచి అంజి అనే అతను వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడే, కానీ అతని మాటా మంద వినలేదు. అప్పుడు సైఫ్ గారికి ఇంగ్లండులో ఎప్పుడో చూసిన గొర్రెలు కాసే కుక్కలు గుర్తొచ్చాయి. మెగ్‌ను తెప్పించాడు. అంజికి ఈల వేసి దాన్ని నడిపించడం నేర్పమని ఒక తెల్లాయన్నీ కుదిర్చాడు.

"జనవరిలో ఫుజైరా వైపు ఇలాంటి కుక్కల పోటీ ఉంది," అన్నారు సైఫ్ గారు నాతో. "అంజీ, మెగ్ కలిసి ఆ రోజు మందను సరిగా తోలితే ఖలాస్, లచ్చన్న వెళ్ళిపోవచ్చు. మర్నాడే టికెట్ తీద్దాం. ఈ మాట అతనికి చెప్పు."

నేను చెప్పాను. పెద్ద ఘనకార్యం చేసినవాడిలా గొంతు పెంచి మరీ చెప్పాను. లచ్చన్న, "గీ ముచ్చట సమ్మవ్వకు చెప్పన్నా సారూ?" అని అడిగాడు. చెప్పు, పర్వాలేదు అన్నాను. ఆ పర్వాలేదు అన్నవాణ్ణి పట్టుకుని ఇప్పుడు నాలుగు తన్నాలనిపిస్తుంది.

పోటీ శనివారం. సైఫ్ గారు తన మందలోంచి అరవై గొర్రెలను పోటీకి ఇస్తున్నారు. నన్ను కుటుంబంతో రమ్మన్నారు. ఉదయం పోటీ చూసి, మధ్యాహ్నం సముద్రం ఒడ్డున పాత కోట చూద్దామన్నారు. కరామాలో రెండు గదుల ఫ్లాటులో మగ్గిపోతున్న నా భార్య బాలత్రిపురసుందరి తెల్లారకముందే లేచి పులిహోర కలిపింది. పరీక్షలని పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉండిపోయారు.

"కుక్కలు గొర్రెల్ని తోలడం చూడ్డానికి కొండలు దాటుకుంటూ వెళ్ళాలా అండీ?" అంది కారులో. "మా పెదనాన్నగారి వీధిలో నిల్చుంటే రోజూ ఉచితంగా చూడొచ్చు."

"అక్కడ కుక్కలు గొర్రెల్ని తరుముతాయి. ఇక్కడ తోలుతాయి."

"తేడా గొర్రెలకి తెలుస్తుందేంటీ?" అంది.

ఖర్జూరపు తోట మధ్యలో పచ్చగడ్డి పెంచిన మైదానం అది. ఒక పక్క కుర్చీలు, వాటి మీద టెంటు. తెల్లవాళ్ళు, అరబ్బులు, వాళ్ళ పిల్లలు. రెండో పక్క సైఫ్ గారి లారీ, దాని పక్కనే వలకంచె కట్టి గొర్రెలను నిలిపారు. లచ్చన్న తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. మెగ్ అతని కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. నలుపూ తెలుపూ కలిసిన చిన్న కుక్క. దాని నుదుటి మీద పసుపు.

"ఇదేంటన్నయ్యా, కుక్కకి బొట్టు పెట్టారూ?" అంది నా భార్య.

"బండారి అమ్మా. మల్లన్నది. ఊరికెళ్లి అచ్చినప్పుడు తెచ్చుకున్న, పొట్లం గింతే మిగిలింది. మల్లన్న ఎంబడి కుక్కుంటది గద, ఇది గూడ ఆయన బిడ్డనే." అతను దాని చెవి నిమిరాడు. "మంచి జాతి సారూ. తెల్లదొర ఈల నేర్పిండు, మిగతాది నేను నేర్పిన. రోజు నా అన్నంల సగం దీనికే."

"గొర్రెలు మాట వింటున్నాయా దీనితో?" అని అడిగాను.

"వింటన్నయి. నేనే నోరు కట్టుకున్న సారూ. రెండు నెలల సంది పిలుస్తలేను. నా పిలుపు మర్సిపోవాలె గదా. పక్కకెళ్లి నడుస్తా గూడ దగ్గుత లేను." నవ్వుదామని చూసి ఊరుకున్నాడు. "నిన్న గూడ సమ్మవ్వ ఫోన్ జేసింది. కుక్క మంచిగ తింటందా అని అడిగింది. తన సంగతి అడిగితె మాట దాటేస్తది."

నా భార్య పులిహోర డబ్బా తెరిచి అతనికి మొదట పెట్టింది. అతను రెండు ముద్దలు తిని, మిగిలింది కుక్క ముందు పెట్టబోయి, ఆవిడ ఏమనుకుంటుందోనని ఆగాడు. పెట్టండి అందావిడ.

పోటీ పద్ధతి తేలికే. ఐదు గొర్రెలను మైదానం ఆ చివర వదులుతారు. కుక్క చుట్టూ తిరిగి వెళ్ళి, వాటిని పోగుచేసి, మధ్యలో రెండు గేట్ల గుండా నడిపించి, ఈ చివర చెక్కల దొడ్లో పెట్టాలి. మనిషి స్తంభం దగ్గర నిలబడి ఈల మాత్రం వేస్తాడు. సైఫ్ గారు వచ్చి, లచ్చన్న గొర్రెలకు కనబడకూడదు, వినబడకూడదు, లారీ క్యాబిన్‌లో అద్దాలెక్కించుకుని కూర్చోవాలి అన్నారు. నన్ను అతని పక్కన కూర్చోమన్నారు. నా భార్య కుర్చీలవైపు వెళ్ళింది.

ఆరు కుక్కలు అయ్యాయి. కొన్ని బాగా చేశాయి, ఒకటి గొర్రెలను వదిలేసి పిల్లల చేతిలో బిస్కెట్ల దగ్గరికి పోయింది. లచ్చన్న ఒక్కదాన్నీ చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెగ్ వంతు కోసం కూర్చున్నాడు. దొడ్డి మా లారీకి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

చివరికి అంజి మెడలో ఈల వేసుకుని స్తంభం దగ్గర నిలబడ్డాడు. అవతల ఐదు గొర్రెలను వదిలారు. లచ్చన్న అద్దానికి ముఖం ఆనించాడు.

"సారూ, గా ఎనుకది సూడిది."

"అంటే?"

"కడుపుతోటున్నది సారూ. ఇయ్యాల రేపు ఈనేటట్టున్నది. దాన్నెట్ల తెచ్చిండ్రు? బలుపున్నయి ఏరుమన్నరని అంజిగాడు లారెక్కిచ్చినట్టున్నడు. మా కులంల సూడి గొర్రెను తరమరు సారూ, ముందల పిలుసుకుంట పోతం. జర అర్బాబ్‌కు చెప్పుండ్రి, దాన్ని మార్సమనుండ్రి."

అప్పుడు నేను దిగి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ఐదు నిమిషాల పని లచ్చన్నా. ఇప్పుడు ఆపితే మొత్తం చెడిపోతుంది. నీ ప్రయాణం సంగతి చూసుకో," అన్నాను. అతను నా ముఖం చూసి, సరే అన్నట్టు తలాడించాడు.

మెగ్ పరిగెత్తింది. ఏం పరుగండీ అది! గొర్రెలకు దూరంగా, గడ్డికి కడుపు ఆనించుకుంటూ, విల్లులా వంగి వాటి వెనక్కి చేరింది. ఐదూ ముద్దగా కదిలాయి. మొదటి గేటు దాటాయి. టెంటు కింద చప్పట్లు. రెండో గేటు కూడా దాటాయి. లచ్చన్న పెదవులు కదులుతున్నాయి. "తోలు బిడ్డా... మెల్లగ... ఎడమకు రా... నా తల్లే, మెల్లగ..." అని కుక్కకు తెలుగులో చెబుతున్నాడు. అతని చెయ్యి నా చేతిమీద ఉంది. మర్నాడే టికెట్ అన్నారు కదా, ఏ విమానమైతే త్వరగా చేరతాడో అని నేను లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను.

నాలుగు గొర్రెలు దొడ్లోకి వెళ్ళాయి. సూడి గొర్రె గుమ్మం దగ్గర ఆగింది. కడుపు బరువుతో ఆయాసపడుతోంది. అంజి కంగారులో వేయాల్సిన ఈల బదులు మరో ఈల వేశాడు. మెగ్ ఒక్కసారిగా మీదికి దూకింది. గొర్రె బెదిరి పక్కకు తిరిగి, దొడ్డి గేటు తాడు తగిలి మోకాళ్ళ మీద పడింది. లేచి ఉరికింది. మెగ్ దాని డొక్క పట్టుకుంది.

క్యాబిన్ తలుపు ఎప్పుడు తెరుచుకుందో నాకు తెలియదు. నేను అతని చొక్కా పట్టుకున్నాననుకుంటాను, చేతిలో ఏమీ మిగల్లేదు. లచ్చన్న మెట్టు మీద నిలబడి పిలిచాడు. నాలుకను అంగిటికి తాటించి ట్ర్‌ర్‌ర్‌ర్ అని ఒక పొడుగాటి చప్పుడు, దాని వెనకే "దా... దా... దా తల్లీ" అని. రెండు నెలలుగా గొంతులో నొక్కిపెట్టిందంతా ఒక్కసారే బయటికొచ్చింది.

గొర్రె అతని వైపు తిరిగింది. దొడ్లో నాలుగూ చెక్కల మీంచి దూకాయి. లారీ పక్కన ఉన్న యాభై ఐదూ వలను లాక్కుని, తొక్కుకుని వచ్చేశాయి. అడ్డొచ్చిన అంజిని దాటుకుని, అరవై గొర్రెలూ లచ్చన్న చుట్టూ చేరి మూతులు పైకెత్తాయి. మెగ్ కూడా వచ్చింది. ఈల మీద ఈల వేస్తున్నా వినకుండా, గొర్రెల మధ్యలోంచి దూరి అతని పాదాల దగ్గర పడుకుంది.

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. జనం లేచి నిలబడి కొట్టారు, ఫోన్లలో వీడియోలు తీశారు. తెల్లాయన టోపీ తీసి, ఇలాంటిది జన్మలో చూడలేదన్నాడు. మంద మధ్యన నిలబడిన లచ్చన్న రెండు చేతులూ నోటి మీద పెట్టుకున్నాడు. నేను గొర్రెలను తోసుకుంటూ అతని దగ్గరికి వెళ్ళాను.

"నోరాగలే సారూ," అన్నాడు. "కట్టుకున్న నోరే. ఆగలే."

ముందు సైఫ్ గారి ముఖం ఎర్రబడింది. ఆ కోపం అలాగే ఉండి ఉంటే బాగుండేది, ఆ కోపంలోనైనా లచ్చన్నను తరిమేసేవారు. కానీ పక్క తోటల యజమానులు ఆయన చుట్టూ చేరారు. ఈ మనిషిని ఎక్కడ పట్టావు, మాకిస్తావా అని అడిగారు. సైఫ్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చూడగానే లచ్చన్న ప్రయాణం పోయిందని నాకు అర్థమైంది. సూడి గొర్రెకు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. లచ్చన్న దాని డొక్కను తడిమి, నీళ్ళు తాగించి, తనే ఎత్తి లారీ ఎక్కించాడు.

లారీ అంజితో అల్ ఐన్ వెళ్ళిపోయింది. లచ్చన్నను మాత్రం సైఫ్ గారు కోటకు తీసుకువెళ్దామన్నారు. "ఈ రోజు హీరో ఇతనే, యల్లా, పదండి," అన్నారు. లచ్చన్న మా కారులో వెనక సీట్లో కూర్చున్నాడు. చొక్కా నిండా గొర్రెల వెంట్రుకలు. దారి పొడుగునా నా భార్య ఒక్క జోకు కూడా వేయలేదు.

ఆ కోట ఖోర్‌ఫక్కాన్ వెళ్ళే దారిలో, సముద్రానికి ఎదురుగా చిన్న గుట్ట మీద ఉంది. రాయీ మట్టీ కలిపి కట్టిన బురుజు, పడిపోయి మళ్ళీ కట్టిన గోడలు. తన తాతలు ఇక్కణ్ణించే పడవల మీద కన్నేసి ఉంచేవారని సైఫ్ గారు చెప్పారు. మెట్లెక్కి పైకి తీసుకువెళ్ళారు. కింద నీలంగా సముద్రం, దూరంగా లంగరేసిన ఆయిలు ఓడలు. అక్కడ లచ్చన్న భుజం మీద చెయ్యి వేసి నాతో అన్నారు.

"చెప్పు ఇతనికి. మెగ్‌ను వాపసు పంపించేస్తున్నాను. నాకు కుక్క అక్కర్లేదు. మందను ఐదువందలు చేస్తాను. వీసా రెండేళ్ళకు రాయించు. ఇక నుంచి కాపరులందరికీ ఇతనే పెద్ద."

నేను వెంటనే తెలుగులోకి మార్చలేదు. ముందు ఇంగ్లీషులో చెప్పాను. అతని భార్యకు చాలా బాగోలేదని, డాక్టర్లు చేతులెత్తేశారని, ఒక్క నెల పంపిస్తే చాలని చెప్పాను. ఉద్యోగంలో చేరాక ఆయనకు ఎదురు అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. ఆయన శ్రద్ధగా విన్నారు. కళ్ళలో నిజంగానే బాధ కనిపించింది.

"అల్లా ఆమెకు ఆరోగ్యం ఇవ్వాలి," అన్నారు. "కానీ ఇప్పుడు గొర్రెలు ఈనే కాలం. నువ్వూ చూశావుగా, ఇతను లేకపోతే అవి ఏమైపోతాయో. ఈద్ అయిపోనీ. అప్పుడు తప్పకుండా చూద్దాం, ఇన్షా అల్లా."

ఈద్‌కు మూడు నెలల పైన ఉంది. అప్పుడు లచ్చన్నకు చెప్పాను, అన్నీ చెప్పాను. అతను సైఫ్ గారి వైపు తిరిగి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "షుక్రన్ అర్బాబ్," అన్నాడు. ఇంకేమంటాడు? సైఫ్ గారు సంతోషించి, నమాజు వేళయిందని కింద మసీదుకు వెళ్ళారు.

ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. నా భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఈయన పాస్‌పోర్టు ఎక్కడుందండీ?"

"ఆఫీసు బీరువాలో."

"తాళం?"

నేను సముద్రం వైపు చూశాను. ఆవిడ వదల్లేదు. "తాళం మీ దగ్గరేగా ఉండేది? ఈ సాయంత్రం వెళ్ళి తీసి ఇచ్చేయండి. టికెట్ సంగతి మనం చూద్దాం. ఎంబసీయో, పోలీసులో, ఎవరినో పట్టుకుని పంపించేద్దాం. ఏమవుతుంది? మహా అయితే మనమూ సామాను సర్దుకుంటాం."

పన్నెండేళ్ళ ఉద్యోగం, మా అబ్బాయి ఆశిష్ పదో తరగతి, అమ్మాయి ఆమని స్కూలు, ఫ్లాటు, కారు, అన్నీ నా కళ్ళ ముందు వరసగా తిరిగాయి. సమ్మవ్వ ముఖం తిరగలేదు. నేను ఆమెను చూడనే లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

లచ్చన్న నా ముఖం చూసి కనిపెట్టాడు. "వద్దమ్మా," అన్నాడు. "సారు కొలువు పోతది. పిల్లలున్నరు. ఊకోండ్రి."

నేను కాదనలేదు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు తలాడించాను. గుండె మీంచి బరువు దిగింది, సిగ్గు లేకుండా దిగింది. నా భార్య నన్ను అలా చూడటం పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

లచ్చన్న జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి చాలాసేపు మోగనిచ్చాడు. తర్వాత ఎత్తి, చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"ఏమాయె?" అంది సమ్మవ్వ. సన్నటి గొంతు, మాట మాటకూ మధ్య ఊపిరి. "పొద్దటి సంది సూత్తన్న. కుక్క గెల్సిందా?"

లచ్చన్న నా వైపు చూశాడు, నా భార్య వైపు చూశాడు.

"గెల్సిందే," అన్నాడు. "మంచిగ తోలింది. అందరు సప్పట్లు గొట్టిండ్రు."

"మల్లన్న తండ్రీ!" అవతల ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మరి ఎన్నడస్తవు?"

"నెల పడతదట. కాయితాలు అయితన్నయి. ఆఫీసు సారు ఇక్కన్నే ఉన్నడు, ఆయనే చేత్తండు."

"సారుకియ్యి."

అతను ఫోన్ నా ముందుకు చాపాడు. నేను అందుకున్నాను.

"సారూ, నెలేనా? నిజమేనా?"

"అవునమ్మా," అన్నాను. "నెలలో పంపిస్తాం."

మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. లేచి కూర్చున్నట్టుంది.

"డాక్టరు పది దినాలన్నడు సారూ. ఆయనకు చెప్పకుండ్రి. నెలనే గదా... ఉంట సారూ, ఎట్లనన్న ఉంట. మీరు జర నెల దాటనియ్యకుండ్రి."

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. లచ్చన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"సరేనమ్మా," అన్నాను.